ఓబులమ్మ చేసిన మూడు ముఖాలు

అనగనగా ఒక ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక బుధవారం పొద్దున్న ఆరుంపావుకి ఓబులమ్మ అనే ఆవిడ వాకిట్లో మట్టి తొక్కుతోంది.

ఆరుంపావని ఎలా తెలుసంటావా? ఊరి పక్కనుంచి ప్యాసింజరు బండి రోజూ ఆ వేళకే వెళ్ళేది. బండి కూత వినబడగానే ఓబులమ్మ చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని మట్టిలోకి దిగేది. ఊఁ కొట్టు మరి. నువ్వు ఊఁ కొట్టకపోతే గోడకి చెప్తున్నట్టుంటుంది నాకు.

ఆ ఊళ్ళో ఇరవై మూడు ఇళ్ళు. అందరూ కుమ్మర్లే. ఓబులమ్మ మొగుడు కొండయ్య సారె మీద కుండలు చేసేవాడు. ఓబులమ్మ మాత్రం బొమ్మలు చేసేది. ఆడుకునే బొమ్మలు కాదు. మొక్కు బొమ్మలు.

మొక్కు బొమ్మ అంటే చెప్తాను విను. ఆ చుట్టుపక్కల పిల్లలకి జబ్బు చేస్తే తల్లులు అమ్మవారికి మొక్కుకునేవాళ్ళు. 'నా బిడ్డ లేచి తిరిగితే, నా బిడ్డలాంటి మట్టి బిడ్డని నీ గుడి ముందు నిలబెడతాను తల్లీ' అని. జబ్బు తగ్గాక ఆ పిల్లని వెంటబెట్టుకుని ఓబులమ్మ దగ్గరికి వచ్చేవాళ్ళు. తగ్గిన పిల్లలకే బొమ్మ. పోయిన పిల్లలకి చెయ్యరు. అది ఆ ఊరి కట్టు.

ఓబులమ్మ పిల్లని ఎదురుగా పీట మీద కూర్చోబెట్టేది. చేతులు కడుక్కునేది. కళ్ళు మూసుకుని, పిల్ల ముఖం రెండు చేతులతో మూడుసార్లు తడిమేది, నుదుటి నుంచి గడ్డం దాకా. కళ్ళు తెరిచాక ఇక పిల్ల వంక చూసేది కాదు. నేరుగా మట్టి మీద చెయ్యి వేసేది.

ఒకసారి ఒకావిడ బొమ్మని చూసి, "ఏం ఓబులమ్మా, మావాడి ముక్కు మరీ ఇంత చప్పిడా?" అని దెబ్బలాటకి వచ్చింది.

"నువ్వు ముద్దుగా చూస్తావు వదినా. నా వేళ్ళకి ఆ మొహమాటం లేదు" అంది ఓబులమ్మ. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆవిడ కొడుకు ముక్కు తడిమి చూసుకుని, తనూ నవ్వింది.

ఇప్పుడు బొమ్మ ఎలా చేసేదో చెప్తాను. ఇది తెలియకపోతే కథ తెలియదు. మట్టిని తాళ్ళలా చేసి, చుట్టి చుట్టి, కాళ్ళ దగ్గర్నుంచి పైకి ఒళ్ళు కట్టేది. లోపలంతా బోలు. తల మాత్రం గట్టి ముద్దతో చేసేది. ముక్కూ కళ్ళూ నొక్కి దిద్దాలంటే వెనకాల మట్టి ఉండాలి కదా. లేకపోతే ముఖం లోపలికి కుంగిపోతుంది.

ముఖం దిద్దాక ఒక రోజు ఆరనిచ్చేది. మట్టి చెప్పు తోలులా బిగిశాక, ఒక దారం తీసుకుని బొమ్మ మెడ చుట్టూ వేసి, లాగి, తల తెగ్గోసేది. ఆ తలని తిరగేసి, వెదురు బద్దతో లోపలి మట్టంతా తోడేసేది. చిటికెన వేలంత మందం మిగిలేదాకా తోడేది. అప్పుడు జిగురు మట్టి పూసి తలని మళ్ళీ మెడకి అతికించేది. చివరగా చెవి వెనకాల పుల్లతో ఒక బెజ్జం పొడిచేది. నిప్పులో పెట్టినప్పుడు లోపలి ఆవిరి బయటికి పోవడానికి.

"తల కోసేస్తుందా అమ్మమ్మా?"

కోసేది. అలా వందల తలలు కోసింది. కూనిరాగం తీస్తూ కోసేది. అది పని, తల్లీ. గట్టి తలని అలాగే కాలిస్తే లోపలి తడి దారి లేక పేలిపోతుంది.

ఓబులమ్మకి ఒక్కతే కూతురు. పేరు నాంచారి. తొమ్మిదేళ్ళది. పుట్టాక ఒక్కసారి కూడా జబ్బు పడలేదు. అందుకని ఆ పిల్లకి మొక్కూ లేదు, బొమ్మా లేదు. ఆ రోజుల్లో ఆ ఊరికి ఫోటోలు తీసేవాళ్ళు కూడా వచ్చేవాళ్ళు కాదు.

ఆ బుధవారం పొద్దున్న ఓబులమ్మ మట్టి తొక్కుతుంటే నాంచారి దుప్పటి కప్పుకుని గుమ్మంలోకి వచ్చింది. "అమ్మా, చలేస్తోంది" అంది. అది ఎండాకాలం. ఓబులమ్మ మట్టి కాళ్ళతోనే పరిగెత్తుకొచ్చి నుదుటి మీద చెయ్యి వేసింది.

మొదటి రోజు కషాయం పోశారు. రెండో రోజు బండి కట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మూడో రోజు ఓబులమ్మ అమ్మవారికి మొక్కుకుంది. 'అందరికీ చేసిన చేతులు తల్లీ ఇవి. నా పిల్లకి కూడా చెయ్యనియ్యి' అని. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి నాంచారి పోయింది.

ఊఁ కొట్టడం మానేశావు. పడుకున్నావా? లేదా? సరే, దగ్గరికి జరుగు.

కర్మలన్నీ అయ్యాక, ఒకరోజు ఓబులమ్మ కొండయ్యతో అంది, "నేను దాని బొమ్మ చేస్తాను."

"పోయిన పిల్లలకి చెయ్యరు కదే."

"అమ్మవారికి ఇవ్వనులే. ఆవిడకి మనం ఇవ్వాల్సిందేం లేదు. నా ఇంట్లో నేను పెట్టుకుంటాను. ఇప్పుడు చెయ్యకపోతే ముఖం మర్చిపోతానయ్యా."

"కన్నదానివి! నువ్వెలా మర్చిపోతావే?"

"మా అమ్మ ముఖం మర్చిపోయాను" అంది ఓబులమ్మ.

కొండయ్య లేచి వెళ్ళి మట్టి తెచ్చి పెట్టాడు.

ఒళ్ళు మూడు రోజుల్లో అయింది. నాలుగో రోజు తలకి ముద్ద పెట్టింది. ఎదురుగా పీట మీద ఎవరూ లేరు. అయినా ఓబులమ్మ చేతులు కడుక్కుంది, కళ్ళు మూసుకుంది. తొమ్మిదేళ్ళు ఆ ముఖానికి నూనె రాసి సున్నిపిండి నలిచిన చేతులు కదా. వాటికి తెలుసు. కుడి కనుబొమ్మ ఎడమదానికంటే రవ్వంత పైకి ఉండాలి. పై పెదవి కొంచెం ముందుకి రావాలి. గడ్డం కింద చింతగింజంత నొక్కు. మధ్యాహ్నానికి ముఖం అయిపోయింది.

అప్పుడు ఆదెమ్మ వచ్చింది. ఆదెమ్మ ఓబులమ్మకి తోడికోడలు, పక్కిల్లే. చల్ల ముంత పట్టుకుని వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. "ఒసే నాంచారీ" అని పిలిచింది. పిలిచాక తెలిసింది ఆవిడకి. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది.

మర్నాడు మట్టి బిగిసింది. ఓబులమ్మ దారం తీసుకుంది. మెడ చుట్టూ వేసింది. రెండు కొసలూ రెండు చేతుల్తో పట్టుకుంది. లాగలేకపోయింది.

"ఆదెమ్మా, నువ్వు లాగు."

"నేనా అక్కా? నా వల్ల కాదు. ఆ తలకి నేను జడలు వేశాను."

ఆ తర్వాత కొండయ్యని పిలిచారు. కొండయ్య దారం వంక చూశాడు, బొమ్మ వంక చూశాడు. "కొయ్యొద్దులే. రెండు నెలలు నీడలో ఆరబెడదాం. లోపలి తడంతా అదే పోతుంది" అన్నాడు. కొండయ్యకి తెలిసింది కుండలు. కుండ గోడ పల్చన. గట్టి తలని ఆయన ఎప్పుడూ కాల్చలేదు.

ఓబులమ్మకి తెలుసు. తెలిసీ "సరే" అంది. చెవి వెనకాల పుల్ల కూడా గుచ్చలేదు.

రెండు నెలలూ వానలే. ఆ తర్వాత ఒక తెరిపి రోజు చూసి ఆవం పేర్చారు. ఆవం అంటే కుండలు కాల్చే చోటు. కట్టెలు, పిడకలు, మధ్యలో కుండలు, పైన వరిగడ్డి, దాని మీద మట్టి పూత. బొమ్మని నడిమధ్యన నిలబెట్టారు. పొద్దున్నే నిప్పు పెట్టారు. మధ్యాహ్నం పన్నెండున్నరకి లోపల ఒక చప్పుడైంది, కొబ్బరికాయ కొట్టినట్టు. ఒక్కటే చప్పుడు. అక్కడున్న అందరూ విన్నారు. ఎవరూ ఓబులమ్మ వంక చూడలేదు.

రెండు రోజులు చల్లారాక ఆవం విప్పారు. ఒళ్ళు చెక్కు చెదరలేదు. ఎర్రగా కాలి, రెండు చేతులూ పక్కన పెట్టుకుని నిలబడి ఉంది. తల లేదు.

"తల లేకుండా నిలబడిందా?"

నిలబడింది.

ఓబులమ్మ పెంకులన్నీ చేటలోకి ఏరుకుంది. కొన్ని గోరంత, కొన్ని అరచేయంత. ఒక పెద్ద పెంకు మీద పై పెదవీ, గడ్డం కింద నొక్కూ అలాగే ఉన్నాయి.

అప్పుడు ఓబులమ్మ ఒక పని చేసింది. కుమ్మర్లు పగిలిన పెంకులు పారెయ్యరు. రోట్లో దంచి, జల్లించి, ఆ పొడిని కొత్త మట్టిలో కలుపుతారు. అలా కలిపిన మట్టి ఆరేటప్పుడు బీటలివ్వదు. పుట్టిన దగ్గర్నుంచి ఓబులమ్మ చూసింది అదే, చేసింది అదే. చేటలో పెంకులన్నీ రోట్లో పోసి దంచింది. దాని ముఖం మళ్ళీ దాని ముఖంలోకే పోతుందిలే అనుకుంది. పెదవి ఉన్న పెంకునీ దంచింది. ఆదెమ్మ పక్కన కూర్చుని జల్లెడ పట్టింది. ఆ ఒక్కటీ తీసి దాచుదామని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

ఆ మట్టితో ఓబులమ్మ రెండో బొమ్మ మొదలుపెట్టింది. "ఈసారి కొయ్యక్కర్లేకుండా చేస్తాను" అంది. తలని కూడా ఒళ్ళులాగే మట్టి తాళ్ళతో బోలుగా కట్టింది. కట్టి, ముక్కు నొక్కింది. ముఖం లోపలికి కుంగింది. లోపల వేలు పెట్టి బయటికి నెట్టింది. బుగ్గ ఉబ్బింది. బుగ్గ సరిచేసింది. కన్ను పక్కకి పోయింది.

సాయంత్రం తడిగుడ్డ కప్పి ఉంచేది. పొద్దున్నే గుడ్డ తీసి మళ్ళీ దిద్దేది. మట్టి ఆరితే ఇక దిద్దడానికి ఉండదు. అందుకని ఆరనివ్వలేదు. దసరా వెళ్ళింది. దీపావళి వెళ్ళింది. గుడ్డ తడుపుతూనే ఉంది.

"ఏమయ్యా, పెదవి ఇలాగేనా?" అని కొండయ్యని అడిగింది.

"ఇంకాస్త ముందుకేమో."

మర్నాడు అడిగింది, "ఇప్పుడో?"

"నిన్నటిదే నయం."

మూడో రోజు కొండయ్య సారె ఆపి, చేతులు జోడించాడు. "నన్నడక్కే. నువ్వు అడిగిన కొద్దీ నాకూ తెలీకుండా పోతోంది" అన్నాడు.

అప్పుడు ఓబులమ్మకి ఆ పెంకు గుర్తొచ్చింది. లేచి రోటి దగ్గరికి వెళ్ళింది. వంగి రోట్లోకి చూసింది. రోలు శుభ్రంగా ఉంది. ఆదెమ్మ కడిగి పెట్టింది. ఆ పెదవి ఎక్కడుందో ఓబులమ్మకి తెలుసు. తను దిద్దుతున్న మట్టిలోనే ఉంది. కానీ ఇక అది పెదవి కాదు.

ఆ తర్వాత ఇంకోటి జరిగింది. ఒక మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని, నాంచారి నవ్వితే ఎలా ఉండేదో అనుకుంది. నవ్వు రాలేదు. మట్టి ముఖం వచ్చింది. తడిగా, నోరు మూసుకుని. కళ్ళు గట్టిగా మూసుకుని మళ్ళీ చూసింది. అదే వచ్చింది. మూడోసారీ అదే.

ఓబులమ్మ కంచం వదిలేసి పక్కింటికి వెళ్ళింది. "ఆదెమ్మా, నేను దాన్ని చెరిపేశానే" అంది.

"అవేం మాటలక్కా!"

"నిజమే. తొమ్మిదేళ్ళు దాని ముఖం తడిమిన చేతులివి. నాలుగు నెలలు మట్టి తడిమేసరికి మట్టే మిగిలింది. కళ్ళు మూసుకుంటే అది రావడం లేదు. ఈ మట్టిది వస్తోంది."

ఆదెమ్మ పీట వాల్చింది. "రా అక్కా, అన్నం తిందువు గాని" అంది. ఓబులమ్మ తినలేదు. అప్పటికే ఆవిడ సగం మనిషైంది. చేతి గాజులు మోచేతి దాకా జారేవి.

నాలుగు రోజుల తర్వాత ఒక పొద్దున్న, అన్ని నెలలు తడిసి నానిన మెడ ఒరిగింది. ముఖం జారి గుండెల మీదికి వచ్చింది. ఓబులమ్మ ఆ బొమ్మని ఎత్తి తెచ్చి మట్టి గోతిలో వేసింది. ఆరుంపావు బండి కూసింది. గోతిలోకి దిగి తొక్కేసింది.

ఇక మూడోది. ఇది మాఘమాసంలో.

ఈసారి ఓబులమ్మ పని పద్ధతిగా చేసింది, పరాయి పిల్లకి చేసినట్టు. తలకి గట్టి ముద్ద పెట్టింది. కళ్ళు మాత్రం మూసుకోలేదు. మూసుకుంటే ఏం వస్తుందో తెలుసు. కళ్ళు తెరిచే, ఇంత కనుబొమ్మ, ఇంత పెదవి, ఇంత నొక్కు అని నోటితో చెప్పుకుంటూ దిద్దింది. మాటలు గుర్తున్నాయి. ముఖం గుర్తులేదు. ఒక్క పూటలో అయిపోయింది.

మర్నాడు దారం వేసింది. లాగింది. మెత్తగా తెగింది. తెగిన తలని ఓబులమ్మ చేతిలోకి తీసుకుంది.

"చూశావా ఆదెమ్మా, ఎంత తేలిగ్గా తెగిందో" అంది.

ఆదెమ్మ ఆ తలని చూస్తూ ఉండిపోయింది. ఈసారి ఆవిడ ఎవర్నీ పేరు పెట్టి పిలవలేదు.

లోపలి మట్టి తోడింది. అతికించింది. చెవి వెనకాల బెజ్జం పొడిచింది. పద్దెనిమిది రోజులు నీడలో ఆరబెట్టింది. అప్పుడు ఆవం పేర్చారు. నిప్పు పెట్టిన రోజు కొండయ్యా, ఓబులమ్మా, ఆదెమ్మా ముగ్గురూ అక్కడే కూర్చున్నారు. మధ్యాహ్నం అయింది. సాయంత్రం అయింది. చప్పుడేమీ రాలేదు.

ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి ఆవం విప్పారు. బొమ్మ నిండుగా బయటికి వచ్చింది. తల ఉంది. ఎడమ బుగ్గ మీద పొగ మచ్చ తప్ప ఇంకే లోపం లేదు. ఓబులమ్మ దాన్ని తుడిచి తెచ్చి అరుగు మీద నిలబెట్టింది. ఊరంతా వచ్చింది.

ఓబులమ్మ వాళ్ళ ముందు నిలబడి చెప్పింది, "నాకు తెలీడం లేదు. చూసి చూసి నా కళ్ళూ చేతులూ రెండూ చెడ్డాయి. మీ కళ్ళముందు తిరిగిన పిల్ల. మీరు చెప్పండి. ఇది అదేనా?"

"అచ్చం నాంచారే" అంది ఒకావిడ.

"అచ్చం నాంచారే" అన్నాడు ఆవిడ మొగుడు.

చూపు సరిగ్గా ఆనని ముసలి పోలమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చి, ఇంకా వీధిలో ఉండగానే, "అచ్చం నాంచారేనే తల్లీ!" అని కేకేసింది. కొండయ్య బొమ్మని కిందనుంచి పైదాకా చూశాడు. "అదే" అన్నాడు. అని వెళ్ళి సారె ముందు కూర్చున్నాడు. ఆ రోజు సారె తిప్పలేదు.

ఓబులమ్మ అరుగు మీద కూలబడి గట్టిగా ఏడ్చింది. పిల్ల పోయాక అంత గట్టిగా ఏడవడం అదే మొదలు. ఏడ్చి, లేచి, ముఖం కడుక్కుని, "ఆదెమ్మా, ఆకలేస్తోందే" అంది. ఆదెమ్మ అన్నం పెట్టింది. ఓబులమ్మ రెండోసారి పెట్టించుకుంది. ఆవకాయ అడిగింది. ఆ తర్వాత చాప వేసుకుని పడుకుని, పొద్దు వాలేదాకా నిద్రపోయింది.

ఆ మర్నాడు తల దువ్వుకుంది. మూడో రోజు బొమ్మకి పూసల దండ గుచ్చి వేసింది. పొద్దున్నే అరుగు ఊడుస్తూ, "లేచావా? చలిగా ఉందా?" అని దాంతో మాట్లాడేది. కళ్ళు మూసుకుంటే మట్టి ముఖమే వచ్చేది. వస్తే వచ్చింది, అదే దాని ముఖమని ఊరంతా చెప్పింది కదా.

"అయితే దొరికిందన్నమాట అమ్మమ్మా!"

దొరికిందనే అనుకుంది, తల్లీ.

ఎనిమిది రోజులు గడిచాయి. తొమ్మిదో రోజు సాయంత్రం అయిదు గంటలకి, వెనకింటి పిల్ల వచ్చి అరుగు మీద గచ్చకాయలు ఆడుకుంటోంది. ఆరేళ్ళది. ఓబులమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఏరుతూ, మాటవరసకి, "అందరూ చెప్పారు. నువ్వే చెప్పలేదు. ఇదెవరే?" అని అడిగింది.

ఆ పిల్ల గచ్చకాయలు కింద పెట్టి, చేతులు కట్టుకుని, బడిలో పాఠం అప్పజెప్పినట్టు నిలబడింది. "అచ్చం నాంచారే" అంది. అని, "సరిగ్గా చెప్పానా పెద్దమ్మా?" అని అడిగింది.

"సరిగ్గానే చెప్పావు. ఎవరు నేర్పారే?"

"ఆదెమ్మ పిన్ని" అంది ఆ పిల్ల.

ఆ తర్వాత ఓబులమ్మ ఒక్కో ఇల్లే తిరిగి అడిగింది. అప్పుడు తెలిసింది. ఆ శనివారం సాయంత్రం, బొమ్మ ఇంకా ఆవంలోనే ఉండగా, ఎవరూ దాన్ని చూడకముందే, ఆదెమ్మ మిగతా ఇరవై ఒక్క ఇళ్ళకీ వెళ్ళి, ఎలా ఉన్నా సరే ఆ ఒక్క మాటే అనమని అందరి చేతులూ పట్టుకుని బతిమాలి వచ్చింది.

కథేమో కంచికి,
మనమేమో మంచానికి.